విటెక్ కిక్ రావట్లేదా? బెజవాడలో జపాన్ కార్ల రోగాలు, మందులు

ముందే నా పక్షపాతం చెప్పేస్తా. జపాన్ పెట్రోల్ ఇంజన్ రెవ్ చేస్తే (అంటే బాగా స్పీడుగా తిప్పితే) పాడవదు, ఆయిల్ కూలెంట్ పట్టించుకోకపోతే పాడవుద్ది. ఆటోనగర్‌లో ఇంజన్ తల (సిలిండర్ హెడ్) దింపేసి ఉన్న పాత హోండా సిటీల్ని, మిత్సుబిషి సీడియాల్ని అడిగి చూడండి, సగం కేసులు ఇదే.

సమస్య: పాత సిటీ విటెక్‌లో పై రెవ్స్‌లో రావాల్సిన రెండో ఊపు రావట్లేదు

2003 లోపు వచ్చిన 106 హార్స్‌పవర్ బండి గురించి చెప్తున్నా (దాని తర్వాత డాల్ఫిన్ సిటీ అనే మోడల్‌లో 77 హార్స్‌పవర్ ఐ-డీఎస్ఐ ఇంజన్ పెట్టి మా మనసు విరిచేశారు, అది వేరే గోల). విటెక్ అంటే పై రెవ్స్‌లో వాల్వుల్ని ఎక్కువ తెరిచి ఊపు పెంచే హోండా పద్ధతి, అది నడిచేదే ఆయిల్ ప్రెషర్ మీద, పై ఆర్పీఎంలో సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) తెరుచుకుంటే ఆయిల్ వెళ్లి రాకర్ ఆర్మ్స్‌లో, అంటే వాల్వుల్ని నొక్కే చేతుల్లో, పిన్నుల్ని తోస్తుంది, అవి లాక్ అయితే వాల్వులు పెద్ద క్యామ్ లోబ్ (క్యామ్ ఇరుసు మీది బొడిపె) మీదకి మారతాయి, అంతే. ఆయిల్ తక్కువున్నా, సోలినాయిడ్ కింద చిన్న జాలీ మడ్డితో పూడిపోయినా, ఆ పిన్నులు కదలవు. మనోళ్లు ఎండాకాలం అని చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోసేస్తారు, అదొకటి.

ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి, రూపాయి ఖర్చు లేదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పోయించండి. అప్పటికీ రాకపోతే సోలినాయిడ్ విప్పించి జాలీ కడిగించి గాస్కెట్ కొత్తది వేయించండి. ఇంకోటి, బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి ఫుల్ రెవ్ కొట్టి "విటెక్ పోయింది సార్" అనేవాడి మాట నమ్మకండి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఆర్పీఎం ఒక్కటే చూడదు, బండి స్పీడు, లోడు, ఇంజన్ వేడి అన్నీ చూసి అప్పుడే విటెక్ ఇస్తుంది.

ఇంజన్ వేడి అన్నాను కదా, అక్కడే అసలు మతలబు ఉంది.

సమస్య: టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఎక్కడ పోతోందో చూస్కోండి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పెరిగి గుంటూరు హైవే ఎక్కగానే దిగిపోతే అది ఫ్యాన్ గొడవ, మోటారో రిలేనో పోయింది, లేదా ఏసీ కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుంది. అదే మంగళగిరి దాటాక హైవే మీద స్పీడులో పెరిగితే ఫ్యాన్ జోలికి పోకండి, రేడియేటర్ లోపల పూడిపోయింది, లేదా థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) సరిగ్గా తెరుచుకోవట్లేదు, లేదా వాటర్ పంప్. మన బోరు నీళ్లు పోసీ పోసీ లోపలంతా తెల్లగా గార కట్టి ఉంటుంది. ఫ్లష్ చేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి, రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి.

మెకానిక్ అన్న "థర్మోస్టాట్ తీసి పారేద్దాం బాబూ, మన ఊరి ఎండకి అదెందుకు" అంటాడు. వద్దనండి! తీసేస్తే హైవే మీద ఇంజన్ సరైన వేడికి రాదు, ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, మైలేజీ పోతుంది, పైన చెప్పిన విటెక్ కూడా సరిగా రాదు. ఒక రోగం తగ్గించబోయి రెండు తెచ్చుకున్నట్టు.

సమస్య: కోన్ ఫిల్టర్ వేశాక సౌండ్ అదిరింది, పికప్ తగ్గింది

కోన్ ఫిల్టర్ అంటే డబ్బా లేని ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ పక్కనే ఓపెన్‌గా పెడితే అది పీల్చేది బానెట్ కింద వేడి గాలే. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, మే నెల బెజవాడలో బయటే 45 ఉంటే బానెట్ కింద ఎంతో మీరే లెక్కేస్కోండి. కంపెనీ ఎయిర్‌బాక్స్ తిరిగి పెట్టేయండి. సౌండ్ కావాలంటే మాత్రం నేనేం చెప్పను, మీ ఇష్టం.

సమస్య: పొద్దున్నే పెట్రోల్ వాసన

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇరవై ఏళ్ల నాటి రబ్బరు పైపులు ఆ ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్ తట్టుకునే పైపులు, ఓ-రింగులు వేయించేదాకా బండి స్టార్ట్ చేయొద్దు, మంటలతో ఆటలొద్దు.

సమస్య: సెకండ్ హ్యాండ్‌లో మంచి బండి, రేటు మరీ తక్కువ, ఎలక్ట్రికల్స్ తిక్క తిక్కగా

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు మునిగిన బండి కావచ్చు. సీటు బెల్టు పూర్తిగా లాగి చివర మట్టి మరక చూడండి, స్టెప్నీ గుంటలో ఒండ్రు చూడండి, కార్పెట్ ఎత్తి వైర్ల కనెక్టర్లకి ఆకుపచ్చ తుప్పు పట్టిందేమో చూడండి. పట్టి ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి, వైరింగ్‌కి మందు లేదు.

సమస్య: ఎవడో జపాన్ నుంచి నిస్సాన్ స్కైలైన్ ఆర్34 తెప్పిస్తా, పేపర్లు నేను చూస్కుంటా అంటున్నాడు

ఇక్కడ పాడైంది బండి కాదు, బేరం. పాత కారు దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై పోర్టు గుండానే రావాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్టీరింగ్ వరకు ఓకే, జపాన్‌లోనూ కుడివైపే. కానీ ఆర్34, పాత టొయోటా సుప్రా, మాజ్డా ఆర్ఎక్స్-7 మూడూ 2002లోనే ఆగిపోయాయి, ఇంక మూడేళ్లు ఎక్కడినుంచి వస్తాయండి? నిస్సాన్ 370జెడ్, మిత్సుబిషి ఈవో టెన్, నిస్సాన్ జీటీ-ఆర్ ఇక్కడ కంపెనీయే అమ్మింది, డబ్బుంటే పేపర్లున్న వాటిని వెతకండి. లేదంటే నా మాట విని శుభ్రంగా చూసుకున్న సీడియా కొనండి, రెండు లీటర్ల ఇంజన్, వెనక మల్టీలింక్ సస్పెన్షన్, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు మలుపుల్లో ఆ స్టీరింగ్ తిప్పితే తెలుస్తుంది. పార్ట్స్ దొరకడం కష్టమే, అందుకే కొనేముందు బుష్‌లు, సస్పెన్షన్ ఆర్మ్స్ రేటు కనుక్కుని ఆ లెక్కతో బేరం ఆడండి.