ఆవకాయ పెట్టే ముందు సరిచూసుకోవలసినవి

కొత్తకారం, పుల్ల మామిడికాయలు బజారుకు వచ్చే ఈ రోజుల్లో, కాయలు కొట్టించక ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

తడి: కడిగిన కాయలను తుడిచి, తొడిమ దగ్గర నిలిచిన నీరు సైతం ఆరిన తరువాతే ముక్కలు కొట్టించాలి, కత్తి, బేసిన్, గరిటె, జాడీ, కలిపే చేయి, వీటిలో ఏ ఒక్కదానికి చెమ్మ ఉన్నా బూజు అక్కడే మొదలై పచ్చడంతా పారబోయవలసి వస్తుంది.

ఉప్పు: రాళ్ల ఉప్పును ఎండబెట్టి, దంచి వాడాలి. ఉప్పు చాలకపోతే ముక్క త్వరగా మెత్తబడి పచ్చడి చెడిపోతుంది. రక్తపోటు ఉన్నవారు తినడం తగ్గించుకోవాలే గాని, నిల్వ పచ్చడిలో ఉప్పు తగ్గించడం సరికాదు.

కాయ: టెంక ముదిరిన, బాగా పుల్లని కాయనే ఎంచుకోవాలి. ముక్కకు టెంక అంటి ఉంటేనే ఏడాదంతా గట్టిగా నిలుస్తుంది. లోపలి జీడిని మాత్రం పొరతో సహా తీసివేయాలి.

ఆవపిండి: ఎండబెట్టిన ఆవాలు చల్లారాక, మిక్సీ వేడెక్కకుండా విడతలుగా ఆడించాలి; వేడికి పిండి చేదెక్కుతుంది.

నూనె: మూడో రోజు తిరగకలిపినప్పుడు పప్పునూనె (నువ్వుల నూనె) ముక్కల పైకి తేలకపోతే మరికొంత పోయాలి, ఎందుకంటే గాలి తగిలిన ముక్కకే ముందుగా బూజు పడుతుంది.