తుఫాన్లు రాకముందే వీడియో పాఠాల సంగతి చూసుకోండి

మా ఒడిశా పర్లాకిమిడిలో దసరా దగ్గర పడుతోందంటే నా జిరాక్స్ షాపుకి రెండు రకాల జనం ఎక్కువవుతారు. ఒకళ్లు దరఖాస్తులు నింపించుకునేవాళ్లు. రెండోవాళ్లు ఫోనో, పాత లాప్‌టాపో పట్టుకొచ్చి "అన్నా, వీడియో ఆడటం లేదు, నెట్ బాలేదు కదా" అనేవాళ్లు. నెట్ బాలేదని ఇంటి దగ్గరే తేల్చేసుకుని వస్తారు. తీరా చూస్తే చాలాసార్లు నెట్ శుభ్రంగా ఉంటుంది, తప్పు చేతిలో ఉన్న యంత్రానిది. ఆ సంగతి ఎండ కాసే రోజున తెలిస్తే పావుగంట పని. గాలివాన మొదలయ్యాక తెలిస్తే చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఎందుకంటే బ్రౌజర్ అప్‌డేట్ చేయాలన్నా, ఇంకో ప్లేయర్ ఎక్కించుకోవాలన్నా ముందు నెట్ ఉండాలి.

తుఫాన్లలో ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర దాటితే మా గజపతి జిల్లా ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే నా లెక్కలో గడువు సెప్టెంబరు నెలాఖరు. కోచింగ్ పాఠాలు వీడియోల్లో వినే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆలోపే ఈ పనులు ముగించుకోండి.

మొదట తప్పు నెట్‌దా, యంత్రానిదా తేల్చుకోవాలి. దీనికి మెకానిక్ అవసరం లేదు. యూట్యూబ్‌లో వీడియో ఆడుతుంటే కింద ఎర్ర గీత నడుస్తుంది, దానికంటే ముందు లేత బూడిద రంగు గీత ఒకటి ఉంటుంది. ఆ బూడిద గీత అప్పటికే దిగిపోయిన భాగం. ఎర్ర గీత వెళ్లి బూడిద గీతను తాకి ఆగిపోతుంటే నెట్ చాలడం లేదని అర్థం. క్వాలిటీని 360కో 240కో తగ్గించండి. బూడిద గీత ఎంతో ముందుకు పోయి ఉన్నా బొమ్మ మాత్రం ఆగి ఆగి, మాట ఒకచోట పెదాలు ఒకచోట అన్నట్టు ఆడుతుంటే నెట్‌ను తిట్టి లాభం లేదు. యంత్రం మోయలేకపోతోంది. కంప్యూటర్ మీదైతే వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' నొక్కండి. అందులో డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపించలేక వదిలేసిన బొమ్మలు) అంకె గబగబా పెరుగుతోందంటే అనుమానం తీరినట్టే. వీడియోను కుదించి పంపే పద్ధతులు కొన్ని రకాలుంటాయి. పాత యంత్రాల చిప్పులకు హెచ్.264 రకం వీడియో బాగా అలవాటు. వీపీ9, ఏవీ1 లాంటి కొత్త రకాలు వస్తే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాన్ రొద పెడుతుంది. అక్కడా మందు క్వాలిటీ తగ్గించడమే, కాకపోతే కారణం వేరు.

లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నంతసేపు బాగా ఆడి, కరెంటు పోయాక కాసేపటికి వీడియో తడబడుతోందా? క్రోమ్‌లో ఎనర్జీ సేవర్ అని ఒకటుంది. బ్యాటరీ 20 శాతానికి దిగగానే అదే పనిలోకి దిగి బొమ్మ కదలికను తగ్గిస్తుంది. బ్యాటరీ కోసమే లెండి, తప్పు పట్టలేం. కారణం తెలియకపోతే మాత్రం లాప్‌టాప్ పాడైందని టెన్షన్ పడతారు.

ఇక నేను ఎక్కువగా చూసే జబ్బు: మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. పోయినేడు గుణుపురం నుంచి ఒకమ్మాయి పాత లాప్‌టాప్ తెచ్చింది. లెక్కల మాస్టారు తన ఫోన్‌తో తీసి పంపిన పాఠం అది. సుద్దముక్క బోర్డు మీద టకటకలాడటం చక్కగా వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఆ పిల్ల రెండు రోజులు ఆ మాట వింటూనే నోట్సు రాసుకుందట. "ఇప్పుడు దీన్ని ఇక్కడికి మారుద్దాం" అని మాస్టారు అంటుంటే ఏది ఎక్కడికో ఊహించుకుంటూ రాసింది పాపం. సంగతేమిటంటే కొత్త ఫోన్లు కొన్ని జాగా తక్కువ పట్టాలని హెచ్ఈవీసీ అనే ఇంకో రకంలో రికార్డు చేస్తాయి. పాఠం అలా తీసిందే. పాత కంప్యూటర్లలో బ్రౌజర్లు ఆ రకాన్ని విప్పలేవు, మాటను మాత్రం విప్పుతాయి. అదే ఫైల్‌ను వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే బొమ్మ వచ్చింది. కాబట్టి వీఎల్‌సీ ముందే ఎక్కించి పెట్టుకోండి, డబ్బులేం కట్టక్కర్లేదు. మాస్టారిని కూడా అడగొచ్చు. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' అని ఉంటుంది, మిగతా ఫోన్లలో చాలావాటిల్లో హెచ్.264 ఎంచుకునే వీలుంటుంది. మాస్టారు ఒక్కసారి మారిస్తే ఆ బ్యాచ్ మొత్తానికి తెరిపి.

అన్ని వీడియోలకూ తెర నల్లగానో ఆకుపచ్చగానో వస్తుంటే అది వేరే కథ. క్రోమ్ సెట్టింగుల్లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ (బొమ్మల పనిని గ్రాఫిక్స్ చిప్పుకి అప్పగించే) మీట ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి. బొమ్మ వస్తే అలాగే ఉంచేయండి. రాకపోతే మీట మళ్లీ వేసేయండి, ఊరికే ఆపి ఉంచితే ప్రాసెసర్ వేడెక్కుతుంది.

కరెంటు పోయి వచ్చాక ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్రగా చూపిస్తే కంగారు పడి సైటును అనుమానించకండి. ముందు కింద మూలన తేదీ చూడండి. నా షాపులో పాత డెస్క్‌టాప్ ఒకటి కరెంటు పోయినప్పుడల్లా పదిహేనేళ్లు వెనక్కి వెళ్లిపోయేది. సైటు తాను అసలైనదేనని రుజువుగా చూపించే సర్టిఫికెట్‌కు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. తేదీ తప్పితే బ్రౌజర్ దాన్ని నమ్మదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే ఇలా అవుతుంది. ఇప్పుడే మార్పించేయండి. తేదీ సరిగ్గానే ఉండి కూడా ఈ గోల వస్తుంటే, ఫోన్ ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతదేమో చూడండి. చాలా సైట్లు ఇప్పుడు ఆధారపడే రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు హామీ ఇచ్చేది) ఒకటి అంత పాత ఫోన్ల పట్టీలో ఉండదు. అలాంటి ఫోన్లో ఫైర్‌ఫాక్స్ ఎక్కితే వేసి చూడొచ్చు, దానికి సర్టిఫికెట్ల పట్టీ సొంతంగా ఉంటుంది.

విండోస్ 7 ఇంకా నడుపుతున్న ఇళ్లు మా వైపు బోలెడు. క్రోమ్ 109 తర్వాతి రకాలు దాని మీద ఎక్కవు. ఫైర్‌ఫాక్స్‌లో దాని మీద ఎక్కేవాటిలో 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతిచ్చే రకం) చివరిది. కాబట్టి పాఠాల సైటు తెరుచుకోకపోయినా, తెరుచుకుని ప్లే బటన్ పనిచేయకపోయినా క్రోమ్‌తో కుస్తీ పట్టకుండా ఆ ఫైర్‌ఫాక్స్‌తో ప్రయత్నించండి. 'వీడియో చూడాలంటే ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి' అని ఎక్కడైనా కనిపిస్తే మాత్రం చటుక్కున ఆ పేజీ మూసేయండి. అడోబీ ఫ్లాష్‌కు 2020 చివరితోనే మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ ఆడకుండా కట్టేసింది. దాని పేరు చెప్పి ఇప్పుడు వచ్చేది వైరసే.

ఒక తప్పు నేనూ చేశాను, చెప్పుకోవాలి. ఒక కుర్రాడి ఫోన్లో కోచింగ్ యాప్ వీడియో తిరుగుతూనే ఉంది. అలవాటుగా సెట్టింగుల్లోకి పోయి క్లియర్ డేటా నొక్కేశాను. వీడియో సంగతి దేవుడెరుగు, యాప్ లాగౌట్ అయింది, దించుకున్న పాఠాలన్నీ పోయాయి. మళ్లీ లాగిన్ కావాలంటే ఓటీపీ కావాలి. ఆ నంబరు సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్న వాళ్ల నాన్నది. షిఫ్టులో ఫోన్ దగ్గర ఉండదు. రాత్రి పదింటికి ఆయన ఓటీపీ చదివి చెప్పేదాకా ఆ పిల్లాడు నా షాపు మెట్ల మీదే కూర్చున్నాడు. ఆ రోజు వాన కూడా లేదు. ఉంటే ఏమయ్యేదో! అప్పటి నుంచి వరస మార్చాను. బ్రౌజర్‌లో పాఠమైతే ముందు ఇన్‌కాగ్నిటో (పాత గుర్తులేవీ వాడని) కిటికీలో తెరిచి చూస్తాను. అక్కడ ఆడితే ఏదో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించిన అదనపు పరికరం) గానీ, పాత క్యాష్, కుకీలు గానీ అడ్డుపడుతున్నాయని అర్థం, ముందు యాడ్ బ్లాకరో మరోటో ఆపి చూస్తాను. తర్వాత క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) ఒక్కటే తుడుస్తాను. లాగిన్ గుర్తుంచుకునే కుకీలు, యాప్ డేటా జోలికి పోవాలంటే ముందు "బాబూ, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?" అని అడుగుతాను. వీలైతే ఖాతాలో నంబరును ఇంట్లో ఉండే అమ్మదో పిన్నిదో పెట్టించండి.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకో చిక్కు. పాతపట్నం వైపు టవరు పట్టిందంటే సిమ్ ఒడిశాది, టవరు ఆంధ్రది. కొన్ని ఫోన్లలో సిగ్నల్ గీతల పక్కన ఆర్ అక్షరం వచ్చి, డేటా రోమింగ్ మీట వేసి లేకపోతే నెట్ ఆగిపోతుంది. గీతలు నిండుగా ఉంటాయి, వీడియో కదలదు. తుఫానులో ఇవతలి టవరు పడిపోతే అవతలి టవరే దిక్కవుతుంది కాబట్టి ఆ మీట ఇప్పుడే వేసి ఉంచండి.

అప్‌డేట్లు కూడా ముందే కానివ్వండి, పరీక్ష ముందురోజో తుఫాను హెచ్చరిక వచ్చాకో వద్దు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం) అప్‌డేట్ ఒకటి తేడా చేసి ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. దాన్ని సరిచేయడానికి మళ్లీ ఇంకో అప్‌డేట్ దించుకోవాల్సి వచ్చింది.

చివరగా పాఠాలు దించుకోవడం. డేటా లెక్క సులువే. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంటసేపు ఆడే వీడియో దాదాపు 450 ఎంబీ తింటుంది. పది గంటల పాఠాలకు ఫోన్లో నాలుగున్నర జీబీ జాగా ఉందో లేదో ముందే చూసుకోండి. 'డౌన్‌లోడ్ అయింది' అన్న టిక్కును నమ్మకండి. కొన్ని యాప్‌లు దించుకున్న పాఠాన్ని ఆడించేటప్పుడు కూడా ఒకసారి నెట్‌లోకి వెళ్లి అనుమతి తెచ్చుకుంటాయి, కొన్నింటికి రోజుల గడువుంటుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, యాప్ పూర్తిగా మూసి తెరవండి, ప్రతి సబ్జెక్టులో ఒక పాఠం ఆడించండి, మధ్యలోకి లాగి చూడండి, చివరి నిమిషం కూడా చూడండి. సగం దిగి ఆగిపోయిన ఫైళ్లు అక్కడే దొరికిపోతాయి.