స్క్రీన్‌ప్లే పాఠాలు – 9: విలన్ని ఎప్పుడు దాచాలి, ఎక్కడ దాచాలి

కిందటి పాఠంలో విలన్‌కి ఒక కోరిక, ఆ కోరిక వెనక ఒక కారణం రాసుకున్నాం. ఇప్పటికి ఆ రెండూ మీ నోటుబుక్కులో ఉండాలి. లేకపోతే ముందు ఆ పని పూర్తి చేసుకుని రండి. విలన్ ఎవరో మీకే సరిగ్గా తేలకపోతే ప్రేక్షకుడి దగ్గర దాచడానికి ఏమీ ఉండదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఈ పాఠంలో కొన్ని సినిమాల గుట్టు విప్పుతున్నాను. 'సెవెన్', 'సైకో', 'గుప్త్' చూడనివాళ్లు దయచేసి చూసొచ్చాకే చదవండి. ఆ సినిమాల్ని ఏమీ తెలియకుండా చూసే అవకాశం ఒక్కసారే ఉంటుంది, దాన్ని నా వల్ల పోగొట్టుకోకండి.

సినిమా విడుదలకు ముందు విలన్ ఎవరో ఎందుకు దాస్తారని అడిగితే "సస్పెన్స్ కోసం" అంటారు అందరూ. రాసేవాళ్లకి ఆ జవాబు చాలదు. మన ప్రేక్షకుడు టైటిల్స్ పడేటప్పుడే లెక్కలు మొదలుపెడతాడు. పేరున్న నటుడు పెద్దగా పనిలేని పాత్రలో కనిపించాడంటే "వీడే హంతకుడు" అని పక్క సీట్లోవాడి చెవిలో చెప్పేస్తాడు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. అతను కథలో ఏ ఆధారమూ పట్టుకోలేదు. పోస్టర్ మీద పేర్లు, నటుల స్థాయి చూసి పట్టుకున్నాడు. అంటే మీరు ఎంత జాగ్రత్తగా రాసినా సినిమా బయట ఉన్న సమాచారం మీ కథని ముందే చెప్పేయగలదు. దర్శకులు మొదట మూసేది ఆ దారినే.

దీనికి నేను ఎప్పుడూ చూపించేది డేవిడ్ ఫించర్ 'సెవెన్'. 1995 సెప్టెంబరులో విడుదలైంది. ప్రచారమంతా బ్రాడ్ పిట్, మోర్గన్ ఫ్రీమన్ల మీదే నడిచింది. హంతకుడిగా వేసిన కెవిన్ స్పేసీ పేరు ప్రచారంలో లేదు, మొదటి టైటిల్స్‌లోనూ లేదు. అలా ఉంచమని పట్టుబట్టింది ఆయనే. పేరున్న నటుడి పేరు మొదట్లో వేసి, సినిమా సగం దాటినా మనిషి కనిపించకపోతే, పోలీసులు వెతుకుతున్నది అతన్నేనని ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే సినిమా అయిపోయాక పడే పేర్లలో మాత్రం మొదటి పేరు ఆయనది వేశారు.

అయితే ఆ గుట్టుని పోస్టర్ ఒక్కటే కాపాడలేదు, స్క్రీన్‌ప్లే కూడా కాపాడింది. సినిమా మధ్యలో హత్యాయత్నం జరిగిన ఒక బిల్డింగ్ మెట్ల మీద ఫోటోగ్రాఫర్ ఒకడు ఎదురై డిటెక్టివ్ మిల్స్ (బ్రాడ్ పిట్) మొహం మీద ఫ్లాష్ కొడతాడు. మిల్స్ అతన్ని తిట్టి తరిమేస్తాడు. పత్రికవాడే కదా అనుకుని మనమూ వదిలేస్తాం. ఆ వచ్చినవాడే హంతకుడు. తర్వాత అతని గదిలో ఆ మెట్ల మీది ఫోటో దొరికినప్పుడు, చేతికి చిక్కినవాణ్ణి వదిలేశామని మిల్స్‌తో పాటు మనకీ తెలుస్తుంది. ఇంకా ముందుకెళ్లాక అతనే రక్తపు బట్టలతో పోలీస్ స్టేషన్‌లోకి నడిచొచ్చి లొంగిపోతాడు. అప్పటిదాకా అతను చేసిన పనులే చూశాం. ఆ పనులు చేసింది ఇంత మామూలుగా కనిపించే మనిషి అని తెలిసేసరికి భయం రెట్టింపవుతుంది.

మెట్ల మీది సీన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి ఒక అర్థం, రెండోసారి ఇంకో అర్థం వస్తాయి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన పని అదే: గుట్టు తెలిశాక వెనక్కి వెళ్లి చూస్తే పాత సీన్లు కొత్తగా కనబడాలి. అలా కనబడకపోతే మీరు దాచింది ఒక పేరు మాత్రమే.

పేరు మాత్రమే దాస్తే ఏమవుతుందో 2013లో వచ్చిన 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్' చూపిస్తుంది. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ పాత్ర పేరు జాన్ హారిసన్ అని విడుదలయ్యేదాకా చెప్తూ వచ్చారు. అతను ఖాన్, అంటే 1967లో టీవీ సీరియల్లోనూ 1982లో సినిమాలోనూ వచ్చిన పాత విలన్. అభిమానులు చాలాముందే పసిగట్టారు. పాత కథ తెలియనివాళ్లకి ఆ పేరు విన్నా ఏమీ అనిపించలేదు. అసలు లోపం ఇంకోటుంది. "నా పేరు ఖాన్" అని అతను చెప్పినప్పుడు ఎదురుగా ఉన్న హీరో కెప్టెన్ కర్క్‌కి ఆ పేరు అప్పటిదాకా తెలియదు. కథలో ఉన్నవాడికి తగలని దెబ్బ ప్రేక్షకుడికి మాత్రం ఎందుకు తగులుతుంది? ముందే చెప్పేసి ఉంటే బాగుండేదని దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ తర్వాత ఒప్పుకున్నారు.

కాబట్టి మీ విలన్ పేరు బయటపడే సీను తీసి ఈ ప్రశ్న వేసుకోండి: ఈ నిజం విన్న క్షణంలో హీరోకి ఏం పోయింది? నమ్మకం పోవచ్చు, తండ్రి పోవచ్చు, ఇన్నాళ్లూ చేసిన పని పనికిరాకుండా పోవచ్చు. ఏమీ పోలేదంటే దాచడం మానేయండి. విలన్ని మొదటి సీన్లోనే చూపించి హీరోతో ఢీకొట్టించండి. మన సినిమాల్లో చాలా కథలకి ఇదే మేలు. ప్రతి కథకీ ముసుగు తొడగాల్సిన పనిలేదు.

దాచాల్సిందే అని తేలితే, ఎక్కడ దాచాలి? చీకట్లో గ్లౌజు తొడుక్కున్న చెయ్యి, ముసుగు, గొంతు మార్చిన ఫోను కాల్ అందరికీ ముందు తోచేవి. అవన్నీ "ఇక్కడ ఒకడు ఖాళీగా ఉన్నాడు, ఎవరో కనుక్కోండి" అని ప్రేక్షకుడికి పని అప్పజెప్తాయి. అతను కనుక్కుంటాడు కూడా. 1960లో హిచ్‌కాక్ 'సైకో'లో ఆ ఖాళీ ఉంచలేదు. హత్య చేసింది మోటెల్ నడిపే నార్మన్ వాళ్లమ్మ అని మనకి జవాబు దొరికేసింది, ఇక ఇంకొకరి కోసం వెతకం. నిజానికి ఆ అమ్మ ఎప్పుడో చనిపోయింది, ఆమె వేషంలో చంపింది నార్మనే. ఆ అమ్మ ఉందన్న నమ్మకం సెట్లోనే మొదలైంది. 'మిసెస్ బేట్స్' అని పేరు రాసిన కుర్చీ ఒకటి అక్కడ వేయించాడాయన. సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవర్నీ రానివ్వొద్దని థియేటర్లవాళ్లకి షరతు కూడా పెట్టాడు.

1997లో రాజీవ్ రాయ్ 'గుప్త్'లో ఇంకో చోట దాచాడు. హంతకురాలు కాజోల్. మన ప్రేక్షకుడు హీరోయిన్ని అనుమానించడు, పాటలు పాడుకున్న అమ్మాయి కత్తి పడుతుందని అనుకోడు. ఆ అలవాటే దాచే చోటయింది. ఆ పాత్రకి ఆమెకి ఫిల్మ్‌ఫేర్ విలన్ అవార్డు వచ్చింది. ఒక నటికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

ఇప్పుడు మనం ఒక సీన్ రాద్దాం. భీమవరం దగ్గర ఊరు. శీను రొయ్యల చెరువు మూడు రోజుల్లో పట్టుబడికి రావాలి. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. జనరేటర్ స్టార్ట్ కావడం లేదు. చెరువుని దెబ్బతీస్తున్నది శీను బాబాయి. మొదటి పద్ధతిలో ఒక చెయ్యి డీజిల్ వాల్వు కట్టేస్తున్నట్టు చూపిస్తాం. కథలో ఉన్నదే నలుగురు, పది నిమిషాల్లో దొరికిపోతాడు.

రెండో పద్ధతి చూడండి. చెయ్యి చూపించొద్దు. శీను, కూలీలు నిద్రలోంచి లేచి వట్టికాళ్లతో గట్టు మీద పరిగెడతారు. బాబాయి అప్పటికే జనరేటర్ దగ్గర టార్చి పట్టుకుని ఉన్నాడు, చెమటలు కారుతున్నాయి.

"నువ్వు పడుకోలేదా బాబాయ్?"

"నిద్రెక్కడ పడుతుందిరా. ఇది ఎప్పుడు ఆగుతుందా అనే కూచున్నాను."

శీను అతని భుజం మీద చెయ్యేసి "నువ్వు లేకపోతే నేనేమైపోదును" అంటాడు. కెమెరాకి ఒక్క సూచన రాయండి: అందరి కాళ్లూ బురదలో ఉన్నాయి, బాబాయి కాళ్లకి బూట్లున్నాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మొదటిసారి చూస్తే ఇది అన్నగారి కొడుకు కోసం కాపలా కాసిన మనిషి సీను. గుట్టు తెలిశాక చూస్తే బాబాయి ఒక్క అబద్ధం కూడా ఆడలేదని తెలుస్తుంది. నిద్రపోలేదు, ఆగడం కోసమే కూర్చున్నాడు, బూట్లు ముందే వేసుకున్నాడు. విలన్ చేత వీలైనంత వరకు నిజమే చెప్పించండి. అబద్ధాలతో దాస్తే ప్రేక్షకుడికి మోసపోయానన్న కోపం వస్తుంది, నిజాలతో దాస్తే తనే చూసుకోలేదన్న ఆశ్చర్యం వస్తుంది.

ఇక విడుదలకు ముందు సంగతి. గుట్టు స్క్రిప్టు కాగితాల్లోంచే కారిపోతుంది. 1980లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో హీరో లూక్ తండ్రి విలన్ వేడరేనని తెలిసే మాటని సెట్లో ఎవరికీ వినిపించలేదు. వేడర్ సూట్‌లో ఉన్న డేవిడ్ ప్రౌస్ చేత "ఒబీ వాన్ మీ నాన్నని చంపాడు" అని చెప్పించారు. అసలు మాట ఏమిటో దర్శకుడు కెర్ష్‌నర్ షాట్‌కి కాస్త ముందు మార్క్ హామిల్‌కి మాత్రం చెప్పాడు. డబ్బింగ్‌లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో అసలు మాట చేరింది. ముసుగు ఉన్న పాత్ర కాబట్టి కుదిరింది. మీ కథలో ఏ ఒక్క మాట మారిస్తే గుట్టు కాగితం మీద కూడా దాగుతుందో చూసి పెట్టుకోండి, దర్శకుడికి పనికొస్తుంది.

మనకి ఇప్పుడు ఇది మరీ కష్టం. టీజర్ రాగానే ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తారు. అమెరికా ప్రీమియర్ల టాక్ ఇక్కడ చాలామంది నిద్రలేవకముందే ఫోన్లో ఉంటుంది. పూర్తిగా దాచడం జరగని పని, అందుకే ఏ ప్రశ్న బయటికి వదలాలో కూడా రచయితే ఆలోచించాలి. 2015 జులైలో 'బాహుబలి' మొదటి భాగం ఎవరు చంపారో చెప్పేసింది, ఎందుకు చంపాడన్నది దాచింది. 2017 ఏప్రిల్లో రెండో భాగం వచ్చేదాకా ఆ ప్రశ్న జనం నోళ్లలో నలుగుతూనే ఉంది. "ఎవరు" అన్నది ఒక్క పేరుతో లీకైపోతుంది, "ఎందుకు" అన్నది లీకవడానికి కథంతా చెప్పాలి. మీ దగ్గర రెండూ ఉంటే రెండోదాన్నే గట్టిగా కాపాడుకోండి.

ఈ వారం పని: విలన్ కనిపించే ప్రతి సీనుకీ ఒక పేజీ తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ క్షణంలో ప్రేక్షకుడు ఏమనుకుంటాడో, కుడివైపు విలన్ నిజంగా ఏం చేస్తున్నాడో రాయండి. కుడివైపు ఖాళీగా ఉన్న సీన్లలో అతను ఊరికే నిలబడ్డాడని అర్థం, వాటిని మార్చండి. తర్వాత మీ కథ గురించి ఏమీ తెలియని ఒకరికి పాత్రల జాబితా ఒక్కటే చూపించి విలన్ ఎవరో అడగండి. వెంటనే చెప్పేస్తే ఆ పాత్రకి కథలో వేరే పని చాలలేదు, పని పెంచండి. వచ్చే పాఠంలో ఈ గుట్టుని ఇంటర్వెల్లో విప్పాలా, ప్రీ క్లైమాక్స్ దాకా మోయాలా అన్నది మీరు రాసిన ఈ పేజీలు ముందు పెట్టుకునే తేలుద్దాం.