బండి కింద బడి – 4వ పాఠం: వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడటం

పోయిన పాఠంలో బండి కిందకి తొంగి చూసి, వెనక యాక్సిల్ మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బిన డిఫరెన్షియల్ హౌసింగ్‌ను గుర్తుపట్టాం. మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. స్విఫ్ట్ లాంటి బండ్లలో అది కనిపించదు. ముందు చక్రాలతో నడిచే వాటికి డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా ఉన్నవాళ్లు రండి. హౌసింగ్ విప్పకుండానే లోపల ఏ రకం డిఫరెన్షియల్ ఉందో చూద్దాం.

ముందు జాగ్రత్త. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే కాబట్టి ఈ పరీక్షకు దాన్ని తీసేయాలి. అప్పుడు బండిని ఆపేది ముందు చక్రాలకు ముందూ వెనకా పెట్టిన చెక్కలు మాత్రమే. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. వెనక రెండు చక్రాలనూ జాకీతో లేపి, యాక్సిల్ కింద రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. స్టాండ్లు లేకపోతే ఈ పాఠం చదివి ఊరుకోండి, చేయకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దని ఎన్నిసార్లయినా చెప్తాను.

ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఎడమ చక్రాన్ని నెమ్మదిగా ముందుకు తిప్పండి. కుడి చక్రాన్ని ఇంకొకరు చూడాలి. అది వెనక్కి తిరిగితే ఓపెన్ డిఫరెన్షియల్ (చక్రాల వేగాల తేడాను అడ్డుకోని మామూలు రకం) అయ్యే అవకాశం ఎక్కువ. లోపలి చిన్న గేర్లు ఒక వైపు తిరుగుడును రెండో వైపుకు తిరగేసి పంపుతాయి. కుడి చక్రం కూడా ముందుకే తిరిగితే క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఆ తేడాను కొంత అడ్డుకునే రకం) కావచ్చు, లేదా ఎవరో గేర్లను వెల్డింగ్ చేసి ఉండవచ్చు.

న్యూట్రల్‌లో ఒక్కోసారి మోసపోతాం. గేర్ ఆయిల్ చిక్కబడినా, ఒక బ్రేకు పట్టేస్తున్నా ఫలితం తారుమారవుతుంది. అందుకని మాన్యువల్ బండిలో మొదటి గేరు వేసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు తిరుగుడును పంపే పొడవాటి కడ్డీ) కదలదు. ఓపెన్ అయితే చక్రాలు ఎదురెదురుగా తేలిగ్గా తిరుగుతాయి. ఎల్‌ఎస్‌డీ అయితే చేతికి బరువు తెలుస్తుంది. వెల్డింగ్ చేసినదైతే కొద్దిపాటి ఆట (వదులు) తప్ప అసలు తిరగదు.

ఎదురు తిరిగింది కదా అని వెంటనే ‘ఓపెన్’ అని రాసేసుకోకండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. థార్ కొన్ని వేరియంట్లలో, బొలెరో నియో ఎన్10 (ఓ)లో మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తేనే అది బిగుసుకుని రెండు చక్రాలనూ ఒక్కటిగా తిప్పుతుంది. చేత్తో నెమ్మదిగా తిప్పితే అచ్చం ఓపెన్‌లాగే ఉంటుంది. టోర్సెన్ రకం (ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే ఎల్‌ఎస్‌డీ), ప్లేట్లు అరిగిపోయిన పాత ఎల్‌ఎస్‌డీ కూడా ఇలాగే భ్రమపెడతాయి. అలాంటప్పుడు బండి కాగితాల్లో వేరియంట్ పేరు చూసి, ఓనర్స్ మాన్యువల్‌తో సరిపోల్చుకోండి.

ఈ వారం రెండు పరీక్షలూ చేసి, న్యూట్రల్‌లో ఏమైంది, గేరులో ఏమైంది అని విడివిడిగా నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత పెట్టి, చుట్లు లెక్కపెట్టి, క్రౌన్ పినియన్ రేషియో (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) కనుక్కుందాం.