స్పాంజి బంతుల మేజిక్: వాళ్ళకు రెండు, మీకు మూడు

మేజిక్ నేర్చుకోవాలనుకునేవాళ్ళు చాలామంది పేకముక్కలతో మొదలుపెట్టి, చేతులు తిరగక మధ్యలోనే వదిలేస్తారు. స్పాంజి బంతులు కొత్తవాళ్ళను అంత ఏడిపించవు. నొక్కితే నలుగుతాయి, వదిలితే ఉబ్బుతాయి, కింద పడినా చప్పుడు చెయ్యవు. పైగా వింత జరిగేది మీ చేతిలో కాదు, చూసేవాళ్ళ గుప్పిట్లో. తన చేతిలో ఒక్క బంతే ఉందని నమ్మిన మనిషి, గుప్పిట తెరవగానే రెండు ఎగిరిపడితే వేసే కేక మరే చిన్న మేజిక్‌కీ రాదు.

దీనంతటికీ కీలకం ఒకటే: మీ దగ్గర మూడు బంతులుంటాయి, చూసేవాళ్ళు ఎప్పుడూ రెండే లెక్కపెడతారు. కింద చెప్పేదంతా ఆ మూడోదాన్ని లెక్కలోకి రానివ్వకుండా ఉంచే పద్ధతే.

ఏ బంతులు

ఆన్‌లైన్‌లో నాలుగేసి బంతుల సెట్లు దొరుకుతాయి. 1, 1.5, 2, 3 అంగుళాల సైజులుంటాయి. పెద్దవాళ్ళ చేతికి 1.5 అంగుళాలవి సరిపోతాయి. అరచెయ్యి వెడల్పుగా ఉన్నవాళ్ళు 2 అంగుళాలవి వాడొచ్చు. కానీ చూసేవాళ్ళ చెయ్యి కూడా అంతే ఉంటుందన్న హామీ లేదు. రెండు బంతులు వాళ్ళ గుప్పిట్లో పట్టాలి కదా. ఈ బంతుల్లో పేరుమోసినవి అమెరికన్ మెజీషియన్ ఆల్బర్ట్ గాష్‌మన్ పేరుతో వచ్చేవి. ఆయన మేజిక్‌లోకి రాకముందు బేకరీలో పనిచేసేవాడు. సెట్ మీద ‘సూపర్ సాఫ్ట్’ అని ఉంటే అదే తీసుకోండి. గట్టి స్పాంజి రెండింటిని కలిపి నొక్కినా ఒకటిలా కనిపించదు.

ఇంట్లోనే చేసుకోవాలంటే సోఫాలు, కుషన్లు కుట్టే షాపులో మెత్తటి ఫోమ్ ముక్క అడగండి. 1.75 అంగుళాల దిమ్మలు కోసి, ముందు ఎనిమిది మూలలు, తర్వాత అంచులు, ఆ తర్వాత కొసరు కొసరుగా పదునైన కత్తెరతో గుండ్రంగా చెయ్యాలి. కత్తెర మొద్దుబారితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది. ఐదారు కోసి, వాటిలో ఒకేలా ఉన్న మూడు ఏరుకోండి. గిన్నెలు తోమే స్పాంజి పనికిరాదు, అది గట్టి. దూది అసలే వద్దు, నొక్కితే అలాగే ఉండిపోతుంది.

రంగు ఎరుపైతే మేలు. బల్లమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వేళ్ళ సందులోంచి కాస్త తొంగిచూసినా తెలుపు, పసుపు పట్టిచ్చినంతగా ఎరుపు పట్టివ్వదు.

మురికి పట్టినప్పుడు సబ్బునీళ్ళలో పిండి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ఫోమ్ పాడై పొడిపొడిగా రాలుతుంది. చిన్న డబ్బాలో కుక్కి ఉంచితే నలిగిన ఆకారమే మిగులుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం అందనివ్వొద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది.

చేతిలో దాచడం

మెజీషియన్లు దీన్ని ఫింగర్ పామ్ అంటారు. బంతిని కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేళ్ళ మొదట్లో పెట్టి, ఆ రెండు వేళ్ళను కొద్దిగా ముడవండి. అంతే. బొటనవేలు దాన్ని తాకకూడదు, చూపుడువేలు, చిటికెన వేలు వదులుగా ఉండాలి. చేతిని పక్కకు వేలాడదీసినప్పుడు వేళ్ళు తమంతట తామే ఎంత ముడుచుకుంటాయో చూడండి, బంతి ఉన్నప్పుడూ అంతే ముడవాలి. కొత్తవాళ్ళు పడిపోతుందేమోనని బిగిస్తారు. మణికట్టు బిగుసుకుంటుంది, చెయ్యి కర్రలా తయారవుతుంది, అప్పుడు బంతి కనపడకపోయినా చేతిలో ఏదో ఉందని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

బంతి అలా పెట్టుకునే ఇంట్లో పనులు చేసుకోండి. ఫోన్ తీయండి, నీళ్ళ సీసా మూత తిప్పండి, తలుపు వెయ్యండి. చేతిలో అది ఉందన్న సంగతి మీరే మరిచిపోయేదాకా ఇంకో మెట్టు ఎక్కొద్దు.

ఇచ్చినట్టే ఇచ్చి ఇవ్వకపోవడం

ఇదే గుండెకాయ, దీనిమీదే ఎక్కువ సమయం పెట్టండి. కుడిచేతిలోని బంతి ఎడమచేతికి మారినట్టు కనిపించాలి, కానీ కుడిచేతిలోనే ఉండిపోవాలి.

ముందు నిజంగా మార్చండి. కుడి బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళ కొనలమధ్య బంతి పట్టుకుని, ఎడమ అరచేతిలో పెట్టి, గుప్పిట మూసి, పక్కకు తీసుకెళ్ళండి. పదిసార్లు అలా చేస్తూ మీ చేతుల్నే గమనించండి. ఎడమ వేళ్ళు ఎప్పుడు మూసుకోవడం మొదలుపెడతాయి? కుడిచెయ్యి ఎప్పుడు బయటికొస్తుంది? మీ చూపు ఎక్కడికి పోతుంది? దొంగ మార్పు ఈ నిజం మార్పుకు నకలే, వేరే విద్యేమీ కాదు.

ఇప్పుడు నకలు. బంతి ఎడమ అరచేతిని తాకుతుంది, ఎడమ వేళ్ళు దానిమీదికి ముడుచుకోవడం మొదలవుతుంది. ఆ వేళ్ళ చాటున కుడి బొటనవేలు బంతిని తన వేళ్ళ మొదట్లోకి లాగేస్తుంది. లాగాక కుడిచెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది. ముందుగా కదలాల్సింది ఎడమ గుప్పిటే, ఖాళీ గుప్పిట. అది పక్కకు వెళ్తుంటే మీ కళ్ళు దాన్నే వెంబడించాలి. కుడిచెయ్యి తీరిగ్గా కిందికి జారుతుంది. గుప్పిటను కూడా కోడిగుడ్డు పట్టుకున్నంత బోలుగా ఉంచండి. పూర్తిగా బిగిస్తే లోపల ఏమీ లేదని ఎవరికైనా తెలుస్తుంది.

తెరవడానికి తొందర వద్దు. గుప్పిటను ఒకసారి నలిపినట్టు చేసి, రెండు క్షణాలు ఆగి, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ విప్పండి. మార్పుకూ మాయానికీ మధ్య ఆ కాస్త ఎడం ఉంటే, బంతి ఎప్పుడు పోయిందో వెనక్కి వెళ్ళి పట్టుకోవడం వాళ్ళ తరం కాదు.

అద్దంముందు సాధన మంచిదే, కానీ అసలు క్షణంలో మన కళ్ళు మనకు తెలియకుండానే మూసుకుంటాయి, తప్పు కనపడదు. ఫోన్‌ను ఎదుటివాళ్ళ కంటి ఎత్తులో నిలబెట్టి వీడియో తీసుకోండి. నిజం మార్పు, దొంగ మార్పు వరసగా తీసి పక్కపక్కన చూడండి. తేడా కనిపిస్తే అది దాదాపుగా మూడింట్లో ఒకటి: కుడిచెయ్యి ముందే పారిపోవడం, చూపు కుడిచేతి మీదికి పోవడం, దొంగ మార్పు నిజందానికంటే వేగంగా జరగడం.

రెండింటిని ఒకటిగా

కుడి వేళ్ళ మొదట్లో ఒక బంతి దాగి ఉంది. బల్లమీద ఇంకోటి ఉంది. కుడిచేతిని దానిమీదికి తెచ్చి, బొటనవేలితో దాన్ని దాగిన బంతికి అదిమి, రెండూ కలిసి ఒక ముద్దయ్యేలా పట్టుకుని పైకెత్తండి. వేళ్ళ కొనల దగ్గర కొద్ది భాగమే బయటికి కనిపించాలి. చూసేవాళ్ళకు ఒక బంతి తీసుకున్నట్టే ఉంటుంది. గాల్లో తిప్పి చూపించొద్దు, ఎత్తినచోటి నుంచి నేరుగా చేరాల్సినచోటికి వెళ్ళాలి. బల్లమీద తువ్వాలో మందపాటి గుడ్డో పరవండి, నున్నటి బల్లైతే బంతి వేళ్ళకు అందకుండా దొర్లుతుంది.

మొత్తం ఆట ఇలా

మూడు బంతులూ కుడి జేబులో పెట్టుకోండి. జీన్స్ బిగుతు జేబు వద్దు, చెయ్యి ఇరుక్కుంటుంది. లాల్చీ జేబు మహా సుఖం. చుడీదార్‌కు జేబు లేకపోతే పక్కన కుర్చీలో నోరు తెరిచిన హ్యాండ్‌బ్యాగ్ అదే పని చేస్తుంది. పూర్తి చేతుల చొక్కా అయితే మడిచేయండి. చొక్కా చేతుల్లోకి తోసేస్తున్నారన్న అనుమానం మాట రాకముందే పోతుంది.

ఒక్క బంతి బయటికి తీయండి. ఎడమచేతికి ఇచ్చినట్టు చేసి మాయం చేయండి. “ఎక్కడికి పోతుంది, జేబులోకే పోతుంది” అంటూ కుడిచెయ్యి జేబులో పెట్టండి. అక్కడ మీకు బోలెడంత సమయం. మూడింట్లో ఒకటి వేళ్ళ మొదట్లో దాచి, మిగతా రెండూ వేళ్ళ కొనలతో పట్టుకుని బయటికి తెండి. “ఒంటరిగా రాలేదు, తోడు తెచ్చుకుంది.” రెండూ బల్లమీద పెట్టండి. ఇక్కణ్ణుంచి వాళ్ళ లెక్క రెండు.

ఇప్పుడు ఎదుటివాళ్ళలో ఒకరి చెయ్యి చాపమనండి. అతిగా వాదించే బావగారు మొదటిసారికి వద్దు, నవ్వుతూ చూసే పిన్నిగారు మేలు. బల్లమీది ఒక బంతిని దాచిన దానితో కలిపి ఎత్తి ఆమె అరచేతిలో పెట్టండి, మీ ఎడమచేతితో ఆమె వేళ్ళను మూయండి. ఆ వేళ్ళు ముద్దమీద పూర్తిగా మూసుకున్నాకే మీ కుడివేళ్ళు బయటికి రావాలి. “గట్టిగా పట్టుకోండి పిన్నీ, వదలొద్దు.” గట్టిగా నొక్కి ఉన్నంతసేపు లోపల ఒకటుందో రెండున్నాయో చేతికి తెలియదు, సడలిస్తే తెలుస్తుంది. గుప్పిటను బోర్లా తిప్పమనండి, బొటనవేలి పక్క సందు కిందికి పోతుంది. ముందుగా ఒక్క బంతితో రిహార్సల్ మాత్రం చేయించొద్దు, పోల్చుకునే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

బల్లమీద మిగిలిన బంతి తీసుకుని, మీ ఎడమచేతికి ఇచ్చినట్టు చేసి, ఆ గుప్పిటను ఆమె గుప్పిట దగ్గరికి తీసుకెళ్ళి నలపండి. ఖాళీ చెయ్యి విప్పండి. “ఇప్పుడు మీరు తెరవండి.” రెండూ ఎగిరిపడతాయి. ఆ గోలలో మీ కుడిచేతిని ఎవరూ చూడరు, మీరూ చూడొద్దు. అందులో ఒక బంతి దాగే ఉంది, బల్లమీద రెండున్నాయి. అంటే మళ్ళీ మొదటికొచ్చారు. ఈ చక్రం ఎన్నిసార్లైనా తిరుగుతుంది కాబట్టే, మరోసారితో ఆపేయండి. మూడోసారికి కళ్ళన్నీ కుడిచేతి మీదికి వస్తాయి.

ముగింపు తేలిక. ఒక బంతిని దాచిన దానితో కలిపి ఎత్తి, ఈసారి నిజంగానే మీ ఎడమ గుప్పిట్లో పెట్టండి. రెండోది అందరూ చూస్తుండగా జేబులో వేసి, కుడిచేతిని వేళ్ళు విప్పారేలా బయటికి తీయండి. ఎడమ గుప్పిట తెరిస్తే రెండు. మూడోది జేబులోనే ఉండిపోయింది, అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. ఆ రెండూ వాళ్ళ చేతికిచ్చి, కావాలంటే పిండి చూసుకోమనండి.

తేడా వచ్చే చోట్లు

పుట్టినరోజు పార్టీల్లో పిల్లలు నేలమీద కూర్చుంటారు. కిందినుంచి చూస్తే ముడిచిన వేళ్ళలోని బంతి పూర్తిగా కనిపిస్తుంది. మీరూ కూర్చోండి, లేదా వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టండి. వెనకా, మీ కుడిపక్కా ఎవరూ లేకుండా గోడకు వీపు పెట్టుకోండి. పిల్లల చేతికి ఒక అంగుళం బంతులు వాడండి, 1.5 వి రెండు పెడితే గుప్పిట మూసుకోదు.

వేసవిలో చెమట పట్టిన అరచేతికి స్పాంజి అంటుకుని, పెట్టాల్సినచోట వదలదు. రుమాలు దగ్గర పెట్టుకోండి. చలికాలంలో చర్మం ఎండి జారిపోతుంటే కొద్దిగా మాయిశ్చరైజర్ రాయండి, నూనె మాత్రం వద్దు.

ఎదుటివాళ్ళు ముందే గుప్పిట విప్పేస్తే కంగారుపడొద్దు. “చెప్పకముందే వచ్చేసిందే!” అని మీరే ఆశ్చర్యపోండి. తర్వాత ఏం జరగబోతోందో మీరు ముందుగా చెప్పలేదు కాబట్టి చెడిపోయిందని వాళ్ళకు తెలిసే దారి లేదు. దాచిన బంతి కిందపడితే అదీ అంతే, తీసి బల్లమీద పెట్టి “మూడోది కూడా వచ్చింది” అనేసి, ఆ మూడూ జేబులో వేసుకుని ఆపేయండి. మళ్ళీ చెయ్యమని అడిగితే ఆ పూట వద్దు. ఎవరైనా మీ కుడిచెయ్యి పట్టుకోబోతే ఆ చేతిని జేబులోకి పోనిచ్చి, ఎడమచేత్తో రెండు బంతులూ వాళ్ళకు అందించండి. చెయ్యి ఖాళీ అని నోటితో మాత్రం అనొద్దు, అన్న వెంటనే అందరూ అక్కడే చూస్తారు.