టచ్ స్క్రీన్‌కు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాయడం: ఎక్కడ మొదలుపెట్టాలి

మౌస్ కోసం రాసిన ప్రోగ్రామును టచ్ స్క్రీన్ ఉన్న విండోస్ కంప్యూటర్లో తెరిచి, ఏదో ఒక బటన్‌ను వేలితో నొక్కితే అది పనిచేస్తుంది. ప్రోగ్రాము పట్టించుకోని టచ్‌ను విండోస్ తానే మౌస్ క్లిక్‌గా మార్చి అందిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. కొత్తగా ఈ పనిలోకి దిగేవారిని పక్కదారి పట్టించేది కూడా ఈ సౌకర్యమే. బటన్లు నొక్కుకుంటున్నాయి కదా అని మిగతా పని ముందుకు సాగిపోతుంది. తెరపై రెండో వేలు ఆనించిన రోజునో, పొడవాటి జాబితాను వేలితో పైకి తోసిన రోజునో మాత్రమే లోటు బయటపడుతుంది. మౌస్‌కు ఒకే స్థానం ఉంటుంది, బటన్ నొక్కకపోయినా అది ఎక్కడుందో తెలుస్తుంది. వేళ్లు ఒకేసారి చాలా ఉండవచ్చు, తెరను తాకనంతవరకు అవి ఉన్నట్టే ప్రోగ్రాముకు తెలియదు. ఈ తేడాను మొదటి రోజునుంచే కోడ్ నిర్మాణంలోకి తీసుకోవాలి.

ముందుగా పరికరం సంగతి. అసలైన టచ్ స్క్రీన్ చేతికింద లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దని నా సలహా. విండోస్ 8 నుంచి ఉన్న ఇంజెక్ట్‌టచ్‌ఇన్‌పుట్ ఫంక్షన్‌తో కృత్రిమంగా టచ్‌లు పుట్టించవచ్చు, ఆటోమేటిక్ పరీక్షలకు అది బాగా పనికొస్తుంది. కానీ వేలి వెడల్పును, వణుకును, చేయి తెరను కప్పేయడాన్ని అది చూపించలేదు. స్క్రీన్ ఎన్ని వేళ్లను ఒకేసారి గుర్తిస్తుందో సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో చూడవచ్చు, ప్రోగ్రాము లోపలినుంచైతే గెట్‌సిస్టమ్‌మెట్రిక్స్‌ను ఎస్ఎం_మాగ్జిమమ్‌టచెస్‌తో అడగవచ్చు. పెద్ద తెరలలో కొన్ని, అంచు చట్రంలోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు తెగడాన్ని బట్టి టచ్‌ను గుర్తిస్తాయి. అటువంటి తెరలో వేలు అద్దాన్ని తాకడానికి ఒక్క పిసరు ముందే టచ్ నమోదవుతుంది, చొక్కా చేతి అంచు తగిలినా నమోదవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ అలాంటి తెరపై నడవబోతుంటే ఫోన్‌లాంటి కెపాసిటివ్ తెరపై మాత్రమే పరీక్షించి ఊరుకోకూడదు.

తరువాత టూల్‌కిట్ (విండోలు, బటన్లు వంటివి కట్టడానికి వాడే కోడ్ సామగ్రి) ఎంపిక. విండోస్‌లో సూటిగా విన్32తో, అంటే విండోస్ సొంత ఫంక్షన్లతో, రాసేవారు పాత డబ్ల్యూఎం_టచ్ సందేశాల జోలికి వెళ్లనవసరం లేదు. అవి 2009లో విండోస్ 7తో వచ్చినవి. 2012లో విండోస్ 8తో వచ్చిన డబ్ల్యూఎం_పాయింటర్ సందేశాలు టచ్‌ను, పెన్నును ఒకే పద్ధతిలో అందిస్తాయి, కావాలంటే మౌస్‌ను కూడా అందులోనే కలుపుకోవచ్చు. సీషార్ప్ భాష తెలిసినవారికి మైక్రోసాఫ్ట్ టూల్‌కిట్ డబ్ల్యూపీఎఫ్ ఇప్పటికీ సరిపోతుంది: ఈజ్‌మానిప్యులేషన్‌ఎనేబుల్డ్‌ను ట్రూ చేస్తే జరపడం, పెంచడం, తిప్పడం లెక్కగట్టి ఇస్తుంది. అయితే దాని స్క్రోల్‌వ్యూయర్‌లో పానింగ్‌మోడ్ విలువ ముందుగా నన్ అని ఉంటుంది, దాన్ని మార్చకపోతే అందులో పెట్టినది వేలికి కదలదు. విండోస్, లినక్స్ రెండింటిలోనూ నడవాలంటే క్యూట్ మంచి ఎంపిక. దాని భాగమైన క్యూట్ క్విక్‌లో పించ్‌హాండ్లర్, డ్రాగ్‌హాండ్లర్, టాప్‌హాండ్లర్ వంటివి సిద్ధంగా ఉన్నాయి. మరో టూల్‌కిట్ జీటీకేలో 3.14 వెర్షన్ నుంచి జెస్చర్ (వేలి సైగ) క్లాసులు ఉన్నాయి. వెబ్ నేపథ్యం ఉన్నవారు, వెబ్ పేజీలను డెస్క్‌టాప్ ప్రోగ్రాముగా నడిపే ఎలక్ట్రాన్‌లో పాయింటర్ ఈవెంట్లను వాడుకోవచ్చు. మ్యాక్‌ఓఎస్‌ను ఇక్కడ పక్కన పెడుతున్నాను, దాని జెస్చర్ల వ్యవస్థ ట్రాక్‌ప్యాడ్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టింది.

ఏ టూల్‌కిట్ అయినా మొదటి ప్రోగ్రాము ఒకటే కావాలి: ఖాళీ విండోలో ప్రతి వేలి కింద ఒక వృత్తం గీసి, పక్కన ఆ వేలి ఐడీని రాయడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తరువాత రాయబోయే ప్రతిదానికీ ఇదే పునాది. ఐడీని కీగా, వేలి స్థానాన్ని విలువగా ఒక డిక్షనరీలో పెట్టుకోండి. వేలు ఆనినప్పుడు చేర్చాలి, కదిలినప్పుడు మార్చాలి, ఎత్తినప్పుడు తీసేయాలి. ఐడీలు సున్నా, ఒకటి, రెండు అని వరుసగా వస్తాయని అనుకోకూడదు. అంకె ఏదైనా రావచ్చు, వేలు ఎత్తాక అదే అంకె మరో వేలికి తిరిగి రావచ్చు.

ఈ మూడు దశలు కాక నాలుగోది ఒకటుంది: రద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ వేలిని తన సొంత జెస్చర్ కోసం లాగేసుకున్నప్పుడో, మధ్యలో వేరే విండో అడ్డు వచ్చినప్పుడో వేలు ఎత్తినట్టు సందేశం రాకపోవచ్చు. విన్32లో దానికి బదులు డబ్ల్యూఎం_పాయింటర్‌క్యాప్చర్‌ఛేంజ్డ్ వస్తుంది, క్యూట్‌లో టచ్‌క్యాన్సిల్, ఎలక్ట్రాన్‌లో పాయింటర్‌క్యాన్సిల్. దీన్ని పట్టించుకోకపోతే తెరపై యజమాని లేని వృత్తం ఒకటి అలాగే నిలిచిపోతుంది, ఆ తరువాత ఒక్క వేలితో జరిపినా ప్రోగ్రాము రెండు వేళ్లున్నాయనుకుని బొమ్మను పెంచడం మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్‌లో దీన్ని చూడడం తేలిక: సీఎస్ఎస్‌లోని టచ్‌-యాక్షన్ విలువను నన్ అని పెట్టకుండా, స్క్రోల్ అయ్యే పేజీలో వేలు జరిపితే, బ్రౌజర్ స్క్రోల్ మొదలుపెట్టిన క్షణంలో పాయింటర్‌క్యాన్సిల్ వచ్చి మీ ఈవెంట్లు ఆగిపోతాయి. రద్దు వచ్చినప్పుడు సగంలో ఉన్న పనిని పూర్తయినట్టు లెక్కవేయకుండా వెనక్కి తీసుకోవడమే సరైన పద్ధతి.

వృత్తాలు నమ్మకంగా కదులుతున్నాక రెండు వేళ్లతో బొమ్మను పెంచడం రాయండి. టూల్‌కిట్ ఇచ్చినదాన్నే చివరికి వాడినా, ఒకసారి చేత్తో రాస్తే దాని లోగుట్టు తెలుస్తుంది. వేళ్ల మధ్య దూరం 200 పిక్సెళ్లనుంచి 300కు పెరిగితే పెంపు 1.5 రెట్లు. దాన్ని విండో ఎడమ పైమూల ఆధారంగా చేస్తే, వేళ్ల మధ్య 400 దగ్గర ఉన్న బిందువు 600కు జరిగి చేతికింద నుంచి జారిపోతుంది. వేలికింద ఉన్నది వేలికిందే ఉండాలంటే, వేళ్ల మధ్యబిందువునుంచి పాత ఆఫ్‌సెట్‌ను (బొమ్మ ఎంత జరిగి ఉందో ఆ అంకెను) తీసేసి, వచ్చినదాన్ని పెంపుతో గుణించి, ఆ ఫలితాన్ని తిరిగి మధ్యబిందువునుంచి తీసేయాలి. అదే కొత్త ఆఫ్‌సెట్. పాత ఆఫ్‌సెట్ సున్నా అయితే పై ఉదాహరణలో అది మైనస్ 200 అవుతుంది, బిందువు మళ్లీ 400 దగ్గరే నిలుస్తుంది. నిలువు దిశకూ ఇదే లెక్క. వేళ్ల సంఖ్య మారిన ప్రతిసారీ, అంటే మూడోది ఆనినా, రెంటిలో ఒకటి లేచినా, ఆధార దూరాన్నీ మధ్యబిందువునూ అక్కడినుంచి కొత్తగా తీసుకోవాలి. లేకపోతే బొమ్మ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఈ లోపం చాలా ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది.

వేలు నిశ్చలంగా ఉండదు కాబట్టి, ఆనినచోటునుంచి రెండు మూడు మిల్లీమీటర్లు జరిగేవరకు దాన్ని నొక్కడంగానే భావించి, ఆ హద్దు దాటాకే లాగడంగా తీసుకోవాలి. హద్దును పిక్సెళ్లలో రాసిపెడితే తెర మారినప్పుడు దెబ్బతింటుంది.

కొలతల విషయంలోనూ అంతే. వేలితో నొక్కే బటన్‌కు దాదాపు 9 మిల్లీమీటర్ల చోటు ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క; ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీని (తెర సాంద్రతను బట్టి మారే పిక్సెల్ కొలత) దాదాపు ఇంతేనని చెబుతాయి. అంగుళానికి 96 పిక్సెళ్లున్న తెరపై అది 34 పిక్సెళ్లు, అదే 192 ఉన్న తెరపై 68. మైక్రోసాఫ్ట్ సూచించే 40 పిక్సెళ్లు కూడా స్కేలింగ్‌ను కలుపుకున్న కొలతే. అందుకే ప్రోగ్రాముతో పాటు ఉండే మానిఫెస్ట్ ఫైల్లో డీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) అవేర్‌నెస్‌ను పర్‌మానిటర్‌వీ2 అని ప్రకటించాలి. లేకపోతే విండోస్ మీ విండోను బొమ్మలా సాగదీసి మసకగా చూపిస్తుంది. బటన్ బొమ్మ చిన్నదిగానే ఉండాలంటే ఉండనివ్వండి, దాని చుట్టూ టచ్‌కు స్పందించే చోటును మాత్రం పెంచండి. తొలగించే బటన్‌ను సేవ్ బటన్ పక్కన పెట్టడం మౌస్‌తోనే ప్రమాదం, వేలితో అది నేరుగా నష్టం.

మౌస్‌ను పైన ఉంచితే మాత్రమే కనిపించే టూల్‌టిప్‌లు, ఉపమెనూలు, దాగిన బటన్లు ఏవున్నా టచ్‌కు వేరే దారి చూపాలి. కుడి క్లిక్‌కు బదులు నొక్కి పట్టుకోవడం అలవాటైన పద్ధతే, కానీ దానికో మూల్యం ఉంది: డబ్ల్యూపీఎఫ్‌లో వేలు ఆనగానే అది మామూలు నొక్కా, నొక్కి పట్టుకోవడమా అని తేల్చుకునేదాకా మౌస్‌డౌన్ రాదు. నొక్కి ఉంచితే అంకె పెరుగుతూ పోవాల్సిన బటన్ అందువల్ల చచ్చుబడినట్టు అనిపిస్తుంది. ఆ బటన్‌పై స్టైలస్.ఈజ్‌ప్రెస్‌అండ్‌హోల్డ్‌ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేస్తే సరిపోతుంది. ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరలో కింది భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి, టైపు చేస్తున్న పెట్టె దాని వెనక పడకుండా పైకి జరపాలి.

జాప్యం మౌస్‌తో కంటే వేలితో ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో వేలు జరుగుతుంటే, 100 మిల్లీసెకన్ల ఆలస్యానికి లాగుతున్న వస్తువు 3 సెంటీమీటర్లు వెనకబడుతుంది. ఫైళ్లు చదవడం వంటి పనులను తెరను నడిపే యూఐ థ్రెడ్‌నుంచి తప్పించి, ఒక్కో ఫ్రేమ్‌కు వేలి తాజా స్థానాన్ని మాత్రమే తీసుకుని గీయండి. చిత్రాలు గీసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మధ్యలోని బిందువులన్నీ కావాలి, లేకపోతే గీత కోణాలు తేలుతుంది; గెట్‌పాయింటర్‌ఇన్ఫోహిస్టరీ గానీ, ఎలక్ట్రాన్‌లో గెట్‌కోయలెస్డ్‌ఈవెంట్స్ గానీ వాటిని ఇస్తాయి.

పరీక్షించేటప్పుడు టచ్ మోడ్, మౌస్ మోడ్ అని వేరు చేయకండి. టచ్ ల్యాప్‌టాప్ వాడేవారు ఒక్క నిమిషంలో రెంటి మధ్యా మారుతుంటారు. వేలితో లాగుతుండగా మౌస్‌ను కదిపి చూడండి, లాగుతుండగానే డైలాగ్ తెరుచుకునేలా చేసి చూడండి, అరచేయి తెరకు ఆనించి చూడండి. నిలువుగా ఉన్న తెర ముందు కూర్చుని, చేయి చాచి పది నిమిషాలు ఆపకుండా పనిచేస్తే, తరచూ వాడే బటన్లను తెర పైభాగంనుంచి ఎందుకు దించాలో భుజమే చెబుతుంది. వచ్చిన ప్రతి ఈవెంట్‌ను ఐడీ, స్థానం, సమయంతో లాగ్‌లో రాసుకుంటే, అరుదుగా తలెత్తే లోపాన్ని ఇంజెక్ట్‌టచ్‌ఇన్‌పుట్‌తో మళ్లీ అదే క్రమంలో నడిపించి పట్టుకోవచ్చు.