సింగిల్ టేబుల్ టోర్నీ: క్యాష్ గేమ్ ఆడేవాళ్లు మార్చుకోవాల్సిన లెక్క

పోకర్ క్యాష్ గేమ్‌లో చిప్ అంటే డబ్బే. 500 చిప్స్ గెలిస్తే ఆ 500 మీవి, అప్పటికప్పుడు లేచి వెళ్లిపోవచ్చు. తొమ్మిది మంది ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒక్కరు మిగిలేదాకా ఆడే సిట్ అండ్ గోలో ఈ వీలు లేదు. చిప్స్‌ను మధ్యలో డబ్బు చేసుకోలేరు, ఎన్నో స్థానంలో నిలిచారన్నదాన్ని బట్టే బహుమతి. దాంతో చిప్ విలువ ఆట సాగేకొద్దీ మారుతూ ఉంటుంది. నిన్న సరైన కాల్ (ఎదుటివాడి పందేనికి సమానంగా పెట్టడం) అనిపించిందే ఇవాళ, నలుగురే మిగిలిన చోట, పెద్ద తప్పవుతుంది. క్యాష్ గేమ్ నుంచి ఇటు వచ్చినవాళ్లు ఈ చిన్న టోర్నీలకు అతుక్కుపోవడానికి అసలు కారణం ఇదేనని మా అభిప్రాయం.

మిగతా సుఖాలు కూడా తక్కువేం కాదు. అన్నిటికంటే ముందు, పోయేది ఎంతో కూర్చోకముందే తెలుస్తుంది. 10+1 టోర్నీ అంటే 10 బహుమతి మొత్తంలోకి, 1 నిర్వాహకులకు. ఎంత చెడ్డరోజైనా ఆ ఆటలో పోయేది 11 మాత్రమే. క్యాష్ గేమ్‌లో చిప్స్ అయిపోగానే మళ్లీ కొనుక్కోవచ్చు. పోయినదాన్ని రాబట్టాలని అలా రెండోసారి, మూడోసారి కొనడమే చాలామంది కొంప ముంచుతుంది. రెండోది, అందరూ సమానంగా మొదలవుతారు కాబట్టి జేబు బరువుతో ఎవరూ మిమ్మల్ని నొక్కలేరు. మూడోది, ఆట తనంతట తానే ముగుస్తుంది. ఆన్‌లైన్‌లో 10 నిమిషాలకోసారి బ్లైండ్లు (ముక్కలు పంచిన ప్రతిసారీ ఇద్దరు తప్పక పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) పెరిగే టోర్నీ సుమారు గంటలో తేలిపోతుంది. ఆ గంటలోనే తొమ్మిది మంది ఆట, ఐదుగురి ఆట, చివరికి ఇద్దరి ముఖాముఖి, అన్నీ ఆడే అవకాశం వస్తుంది.

దీనికి ఇచ్చుకునే మూల్యం కూడా ఉంది. మధ్యలో లేవలేరు. బ్లైండ్లు త్వరగా పెరుగుతాయి కాబట్టి వంద, రెండొందల పెద్ద బ్లైండ్ల చిప్స్ పెట్టుకుని ఫ్లాప్, టర్న్, రివర్ (టేబుల్ మీద మొదట మూడు, తర్వాత ఒక్కొక్కటిగా తెరిచే ఉమ్మడి ముక్కలు) దాకా సాగే లోతైన ఆట ఇక్కడ దొరకదు. అదే మీకు ఇష్టమైతే క్యాష్ గేమ్ మానకండి.

మొదటి ఆల్-ఇన్ దగ్గరే తేడా

ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది: తొమ్మిది మంది, ఒక్కొక్కరికి 1500 చిప్స్, 10/20 బ్లైండ్లు. బహుమతి మొత్తంలో మొదటి స్థానానికి 50 శాతం, రెండో స్థానానికి 30, మూడో స్థానానికి 20. గెలిచినవాడి దగ్గర మొత్తం చిప్స్ అన్నీ ఉన్నా అతనికి దక్కేది సగం సొమ్మే. మిగిలిన సగం సొమ్ము, చిప్స్ అన్నీ పోగొట్టుకున్న ఇద్దరికి వెళ్తుంది. ఈ ఆటలో ప్రతి వింతా ఇక్కడి నుంచే పుడుతుంది.

చేతిలో ఉన్న చిప్స్‌ను డబ్బు విలువలోకి మార్చే లెక్కను ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. మొదటి స్థానం వచ్చే అవకాశం మీ చిప్స్ వాటాతో సమానం అనుకోవాలి. ఒకరు మొదటి స్థానం తీసుకున్నారనుకుని, అతని చిప్స్ తీసేసి, మిగిలిన చిప్స్‌లో మీ వాటాను రెండో స్థానానికి చూడాలి. మూడో స్థానానికీ అంతే. మొదటి పంపకంలోనే ఆల్-ఇన్ అని, అంటే చిప్స్ అన్నీ పందెం పెట్టి, మీరు 3000కు రెట్టింపయ్యారనుకోండి. మొదలుపెట్టినప్పుడు మీ విలువ బహుమతి మొత్తంలో 11.1 శాతం. ఇప్పుడు 20.3 శాతం. 22.2 కాదు. అంటే చిప్స్ రెట్టింపైనా విలువ రెట్టింపు కాలేదు. ఆ ఆల్-ఇన్ గిట్టుబాటు కావాలంటే 55 శాతం దాకా గెలవాలి. సగం-సగం పందెం ఇక్కడ నష్టమే. ఆసు-రాజుకు రాణుల జత ఎదురైతే గెలిచే అవకాశం 43 శాతం. క్యాష్ గేమ్‌లో పాట్‌లో (అందరి పందేలూ చేరే కుప్పలో) ఉన్న సొమ్మును చూసి దాన్ని భరించవచ్చు. ఇక్కడ తొలి రౌండ్లలో అంత చవగ్గా ప్రాణం పెట్టకూడదు.

కాబట్టి మొదటి మూడు లెవెళ్లు (బ్లైండ్లు పెరిగే దశలు) బిగపట్టి ఆడండి. పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి ఉంటే రెయిజ్ చేయండి, అంటే పందెం పెంచండి. చిన్న జతతో ఎదుటివాడి రెయిజ్‌కు కాల్ చేయాలంటే, పెట్టే చిప్స్‌కు కనీసం 15 నుంచి 20 రెట్లు మీ ఇద్దరి దగ్గరా ఉండాలి. ఎందుకంటే ఫ్లాప్‌లో ఆ జతకు మూడో ముక్క తగిలేది సుమారు ఎనిమిదిన్నర సార్లలో ఒక్కసారి. 10/20 దగ్గర 60కి కాల్ చేస్తే 25 రెట్లు ఉంది, సరే. 50/100 దగ్గర 250 పెట్టాలంటే 6 రెట్లే ఉంది, వదిలేయండి. అదే జత, అదే 1500 చిప్స్, మారింది బ్లైండ్లు మాత్రమే.

పది బ్లైండ్లకు దిగాక

మీ చిప్స్ పది పెద్ద బ్లైండ్ల కంటే తగ్గగానే నిర్ణయాలు రెండే: ఆల్-ఇన్ లేదా ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం). 8 బ్లైండ్లు ఉన్నవాడు రెండున్నరకు రెయిజ్ చేసి, ఎదుటివాడు తిరిగి ఆల్-ఇన్ అనగానే వదిలేస్తే దాదాపు మూడో వంతు చిప్స్ ఊరికే పారబోసినట్టే. మొత్తం ఒకేసారి నెడితే, ఎదుటివాళ్లు వదిలేసినా గెలుస్తారు, కాల్ చేసినా గెలిచే అవకాశం మిగులుతుంది. అలా దక్కే ఒకటిన్నర బ్లైండ్లు చిన్నవి కావు. పది బ్లైండ్లు ఉన్నవాడికి అది 15 శాతం పెరుగుదల.

క్యాష్ గేమ్ ఓపిక ఇక్కడే దెబ్బ తీస్తుంది. మంచి ముక్కల కోసం కాచుకుని కాచుకుని మూడు బ్లైండ్లకు దిగిపోతారు. అప్పుడు చిన్న బ్లైండ్ నుంచి ఆల్-ఇన్ అన్నా, పెద్ద బ్లైండ్‌లో ఉన్నవాడు ఇంకో రెండు పెడితే ఆరు ఉన్న పాట్ గెలుస్తాడు. మూడింట ఒకసారి గెలిచినా అతనికి సరిపోతుంది కాబట్టి దాదాపు ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తాడు. భయపెట్టే బలం పోయాక ఆల్-ఇన్‌కు సగం పదును పోతుంది. ఆరేడు బ్లైండ్లు ఉండగానే కదలాలి. బటన్ (పంచేవాడి స్థానం) మీద, చిన్న బ్లైండ్‌లో, ముందున్నవాళ్లంతా వదిలేశాక ఇంకా విస్తారంగా నెట్టాలి.

నలుగురు మిగిలినప్పుడు

ఈ దశను బబుల్ అంటారు. ఒక్కరు వెళ్లిపోతే మిగిలిన ముగ్గురికీ బహుమతి. మొత్తం 13,500 చిప్స్ నలుగురి దగ్గరా సమానంగా, 3375 చొప్పున ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరి విలువ 25 శాతం. ఇద్దరు ఆల్-ఇన్‌లో తలపడి ఒకరు వెళ్లిపోతే, గెలిచినవాడి విలువ 38.3 శాతం అవుతుంది. చేయి కదపకుండా చూస్తూ కూర్చున్న ఇద్దరి విలువ 25 నుంచి 30.8కి పెరుగుతుంది! గెలిచినవాడు 25 పణంగా పెట్టి సంపాదించింది 13 మాత్రమే. బ్లైండ్లను కాసేపు పక్కన పెడితే, ఆ కాల్ గిట్టాలంటే 65 శాతం గెలవాలి.

ఇప్పుడు దీన్ని ముక్కల్లోకి మార్చండి. ఎదుటివాడు ఏ రెండు ముక్కలతోనైనా ఆల్-ఇన్ అంటున్నాడని మీకు కచ్చితంగా తెలుసు. వాటికి ఎదురుగా ఏడుల జత 66 శాతం గెలుస్తుంది, కాల్ చేయవచ్చు. ఆరుల జత 63, ఆసు-పది దాదాపు అంతే. రెండూ ఫోల్డ్. ఆసు-పదిని వదిలేయడం క్యాష్ గేమ్ ఆడినవాళ్లకు మింగుడుపడదు. కానీ లెక్క అదే చెబుతోంది. దీని తిరగేసిన రూపం ఇంకా విలువైనది: ఎదుటివాళ్లు అంత తక్కువ ముక్కలతోనే కాల్ చేయగలరు కాబట్టి, ముందుగా ఆల్-ఇన్ అన్నవాడిదే పైచేయి. బబుల్‌లో నెట్టడం విస్తారంగా, కాల్ చేయడం పొదుపుగా ఉండాలి.

చిప్స్ అసమానంగా ఉంటే పదును ఇంకా పెరుగుతుంది. 6000, 3500, 3500, 500 ఉండి బ్లైండ్లు 200/400 అయితే, 500 ఉన్నవాడు ఇంకో రౌండు దాటడం కష్టం. 3500 ఉన్న ఇద్దరూ 6000 వాడితో తలపడకూడదు, అతనికి ఆ సంగతి తెలుసు, కాబట్టి వాళ్ల బ్లైండ్లను వరసగా దోచుకుంటాడు. చిన్నవాడు ఆల్-ఇన్ అని ఇద్దరు కాల్ చేసినప్పుడు, గట్టి ముక్కలు లేకుండా పక్కపాట్ (చిన్నవాడికి వాటా లేని, మీ ఇద్దరి మధ్య కుప్ప) కోసం పందెం వేసి రెండోవాణ్ణి వెళ్లగొట్టకండి. ఇద్దరు చివరిదాకా ఉంటేనే చిన్నవాడు పోయే అవకాశం ఎక్కువ. అయితే చెక్ చేసుకుందామని (పందెం వేయకుండా సాగుదామని) నోటితో ఒప్పందం చేసుకోవడం నియమాలకు విరుద్ధం.

ఐసీఎంకు కనపడనివి రెండున్నాయి. తర్వాతి పంపకంలో బ్లైండ్ ఎవరి మీద పడుతుందో, ఎవరు బాగా ఆడతారో దానికి తెలియదు. లెక్క అంచున ఉన్న చోట ఆ రెండింటినీ మీరే చూసుకోవాలి.

బబుల్ పగలగానే చాలామంది ఊపిరి పీల్చుకుని మందగిస్తారు. డబ్బు పోయేది అక్కడే. 100 టోర్నీల్లో 40 సార్లు బహుమతిలోకి వచ్చిన ఇద్దర్ని చూడండి. 10+1 టోర్నీలో బహుమతులు 45, 27, 18. ఒకరికి 13 మొదటి స్థానాలు, 13 రెండోవి, 14 మూడోవి: వచ్చింది 1188, పెట్టింది 1100, లాభం 8 శాతం. ఇంకొకరికి 10, 12, 18: వచ్చింది 1098, అంటే రెండు నష్టం. తేడా అంతా చివరి ముగ్గురి ఆటలో ఉంది. ఇద్దరే మిగిలాక చిప్స్ మళ్లీ క్యాష్ గేమ్‌లా సమాన విలువకు వస్తాయి, 65 శాతం నిబంధన అక్కడితో మర్చిపోండి. బటన్ మీదున్నవాడే చిన్న బ్లైండ్ పెట్టి, ఫ్లాప్‌కు ముందు మొదట ఆడతాడు. ఆ స్థానంలో ఎక్కువ ముక్కలు ఆడాలి.

40 శాతం బహుమతిలోకి వచ్చే మంచి ఆటగాడికి కూడా వరసగా పదిసార్లు ఖాళీ చేతులు మిగిలే అవకాశం 0.6 శాతం ఉంది. వందల ఆటల్లో అది ఎదురయ్యే అవకాశం చాలానే ఉంది. కనీసం 50 బై-ఇన్‌లు (టోర్నీ ప్రవేశ రుసుములు), కుదిరితే 100 పక్కన ఉంచుకోకుండా స్థాయి పెంచకండి.

స్నేహితులతో పెట్టుకోవాలంటే

ఒక్కొక్కరికి 25వి 8, 100వి 8, 500వి 4 ఇవ్వండి, 3000 అవుతుంది. తొమ్మిది మందికి 72, 72, 36 చిప్స్ చాలు. పది నిమిషాల లెవెళ్లు: 25/50, 50/100, 75/150, 100/200, 150/300, 200/400, 300/600, 400/800, 600/1200. చివరి లెవెల్లో టేబుల్ మీద ఉన్నదంతా కలిపినా 22 బ్లైండ్లే కాబట్టి గంటన్నరకు అటూఇటూగా ఆట తేలిపోతుంది. 200/400 మొదలయ్యాక 25 చిప్స్ అక్కర్లేదు, మార్చేసి తీసేయండి. ఒకే పంపకంలో ఇద్దరు వెళ్లిపోతే, ఆ పంపకం మొదట్లో ఎక్కువ చిప్స్ ఉన్నవాడిదే మెరుగైన స్థానం. ఈ నియమాన్ని మొదటి ముక్క పంచకముందే చెప్పాలి, బబుల్‌లో చెబితే గొడవే. డబ్బు పెట్టడం చట్టం ఒప్పుకోని చోట 5, 3, 2 పాయింట్లతో కొన్ని ఆటలు కలిపి లెక్కపెట్టండి. నిష్పత్తి అదే కాబట్టి పైన చెప్పిన లెక్కలన్నీ అలాగే పనిచేస్తాయి.